పళ్ల మధ్య సీసం, పక్షి పొట్టలో సీసం

బెంగళూరులో ఏ చెరువు కట్ట మీదైనా తెల్లారి ఆరున్నరకి నడిస్తే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకళ్లు షూ వేసుకుని ఫోన్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరిగే అపార్ట్‌మెంట్ వాళ్లు, ఇంకొకళ్లు మోకాళ్ల దాకా నీళ్లలో దిగి వల విసిరేవాళ్లు. ఇద్దరికీ తెలుగొచ్చినా, ఒక్కోసారి ఇద్దరిదీ ఒకే జిల్లా అయినా, మాటలు మాత్రం ఉండవు. వల విసిరే మనిషిని ఒక్క నిమిషం ఆగి చూడాలి. విసురు వల అంచు చుట్టూ చిన్న చిన్న సీసం గుండ్లు పూసల్లా గుచ్చి ఉంటాయి, వల గొడుగులా విచ్చుకుని నీళ్ల మీద పడగానే ఆ బరువుకి అంచంతా ఒక్కసారి అడుక్కి దిగిపోయి చేపని లోపలే మూసేస్తుంది. విసిరే ముందు వలని మడతలు పెట్టి కొంత మోచేతి మీద వేసుకుంటారు, కొంత చేత్తో పట్టుకుంటారు, అంచులో ఒక చోట మాత్రం చాలామంది పళ్లతో కరిచి పట్టుకుంటారు, ఒళ్లు తిప్పి వదిలే క్షణంలోనే నోరు తెరుస్తారు, అట్లా అయితేనే వల గుండ్రంగా పడుతుంది. ఆ కరిచి పట్టుకునేది సీసాన్ని. పొద్దున్నుంచి ఎన్నిసార్లు వల పడితే అన్నిసార్లు.

చెరువుల్లో సీసం గురించి ఎవరు మాట్లాడినా పక్షులతో మొదలుపెడతారు, అది తప్పేం కాదు, కానీ బెంగళూరులో మాత్రం మొదలుపెట్టాల్సింది ఆ నోటి దగ్గరే. పక్షి పొట్టలోకి పోయే సీసం, మనిషి నోట్లోకి పోయే సీసం రెండూ అదే వల నుంచి, అదే గాలం నుంచి వస్తున్నాయి, అక్కడ ఆపితే రెండూ ఆగుతాయి. చేపలు పట్టేవాళ్లని పక్కకి నెట్టేసి పక్షుల్ని కాపాడతాం అంటే ఈ పని జరగదు.

అసలు సీసమే ఎందుకు వాడతారంటే దానికంత అనువైన లోహం ఇంకోటి లేదు మరి. నీటి కన్నా పదకొండు రెట్లకు పైగా బరువు, చిన్న గుండుకే బోలెడంత బరువొస్తుంది. మెత్తన, చీలిక పెట్టిన గుండుని దారం మీద పెట్టి పళ్లతో నొక్కితే చాలు పట్టుకుని కూర్చుంటుంది, గాలం వేసే పిల్లలు కూడా ఇదే చేస్తారు. 327 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, అంటే కొలిమి అక్కర్లేదు, మామూలు పొయ్యి మీద పాత మూకుడు పెట్టి కరిగించి అచ్చులో పోసుకోవచ్చు. పాత బ్యాటరీలోంచి తీసిన పలకలో, పాత సామాన్ల అంగట్లో తూకానికి తెచ్చిన ముక్కలో, ఏదైనా పనికొస్తుంది. వలకి గుండ్లు రాలిపోయినప్పుడల్లా ఇంటి వెనక ఈ పని అవుతుంటుంది, అసలు ప్రమాదం చెరువులో కన్నా ముందు అక్కడే మొదలవుతుంది. కరిగేటప్పుడు పైన తేలే బూడిద లాంటి తెట్టుని గరిటెతో తీసి పక్కన పారేస్తారు కదా, ఆ తెట్టు ఎండి దుమ్మయి నేల మీద పరుచుకుంటుంది, ఆ నేల మీద పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. సీసానికి ఇంతవరకు పరవాలేదు అనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. డెసీలీటరు, అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకన్నా ఎక్కువ సీసం ఉన్న పిల్లలు ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది దాకా ఉంటారని 2020లో యూనిసెఫ్ రిపోర్టు అంచనా కట్టింది, అందులో మన దేశం వాటా చాలా పెద్దది. ఆ పిల్లల్లో బయటికి జబ్బేమీ కనపడదు, చదువులో వెనకబడతారు, కుదురుండదు, రక్తం తక్కువుంటుంది, ఇంట్లోవాళ్లు మొద్దు అనుకుని ఊరుకుంటారు. ఇది తలుచుకుంటేనే మనసుకి కష్టంగా ఉంటుంది.

ఈ విషయంలో బెంగళూరుకి ఒక చరిత్ర కూడా ఉంది. 1999 ఫిబ్రవరిలో సీసం విషం మీద అంతర్జాతీయ సదస్సు ఇక్కడే జరిగింది, డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ ఇక్కడి సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ నుంచే ఏళ్ల తరబడి రక్తంలో సీసం పరీక్షల గురించి చెప్తూ వచ్చారు. 2000 నాటికి దేశమంతా పెట్రోల్లోంచి సీసం తీసేశారు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని 2016లో రూల్స్ వచ్చి 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చాయి. పెట్రోల్ దాకా, గోడ దాకా వచ్చిన ఆలోచన వల దాకా మాత్రం రాలేదు. దానికి కారణం కూడా ఊహించొచ్చు, పెట్రోల్ పొగ అందరూ పీలుస్తారు, వల అంచు సంగతి దాన్ని కరిచి పట్టుకునేవాడికే.

ఇక పక్షి సంగతి. పక్షికి పళ్లు లేవు, అందుకని కందనకాయలో నమిలే పని జరుగుతుంది. కోడి ఇసుక, చిన్న రాళ్లు ఏరుకుని మింగడం పల్లెటూళ్లో పెరిగిన ఎవరికైనా తెలుసు, కందనకాయ శుభ్రం చేసేటప్పుడు ఆ గులకరాళ్లు చేతికి తగులుతాయి కూడా. బాతులు, బొల్లికోళ్లు కూడా అదే పని చెరువు అడుగున చేస్తాయి. అడుగున గులకరాయి పక్కనే సీసం గుండు పడుంటే ఏది ఏదో వాటికెట్లా తెలుస్తుంది. నీళ్లలో ఊరికే పడి ఉన్న సీసం గుండు అంత తొందరగా కరగదు, పైన తెల్లటి పొర కట్టుకుని బురదలో దశాబ్దాలు అట్లాగే ఉంటుంది. అందుకే చెరువు నీళ్లు బాటిల్లో పట్టుకెళ్లి ల్యాబ్‌లో ఇస్తే రిపోర్టు బాగానే రావచ్చు. కానీ అదే గుండు కందనకాయలోకి పోతే కథ మారిపోతుంది, అక్కడ యాసిడ్ ఉంది, రాళ్లతో నిమిషం ఆగకుండా నూరే కండరం ఉంది, గుండు అరిగి అరిగి రక్తంలో కలుస్తుంది. రక్తం తయారయ్యే పని చెడుతుంది, నరాలు పట్టు తప్పుతాయి, రెక్కలు వాలిపోతాయి, రెట్ట పచ్చగా అవుతుంది, తిన్నది కిందకి దిగదు, నిండా చేపలున్న చెరువులోనే పక్షి ఎండిపోయి చస్తుంది. చేపలు తినే పక్షులకి ఇంకో దారి కూడా ఉంది, తెగిన గాలం మింగిన చేపని ఇవి మింగుతాయి, ముల్లు, దారం, గుండు అన్నీ కలిపి లోపలికి పోతాయి.

దీన్ని పక్కాగా రుజువు చేసింది లూన్ అనే పక్షి. ఉత్తర అమెరికా చెరువుల్లో ఉంటుంది, మన మునుగుడు కోడికి పెద్దక్క లాంటిది అనుకోవచ్చు, మునిగి చేపలు పడుతుంది, రాత్రిపూట దాని కూత విని అక్కడివాళ్లు ఆ చెరువులంటే ప్రాణం పెడతారు. న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో 1975 నుంచి లూన్ ప్రిజర్వేషన్ కమిటీ అని ఒక సంస్థ ఉంది, వాళ్లు చేసిన గొప్ప పని ఏంటంటే చచ్చిన ప్రతి లూన్‌నీ వదలకుండా ఏరి ల్యాబ్‌కి పంపడం. టఫ్ట్స్ యూనివర్సిటీలో మార్క్ పోక్రాస్ అనే పశువైద్యుడు, ఆయనతో పనిచేసినవాళ్లు వాటికి ఎక్స్‌రే తీసి, కోసి చూశారు. 1989 నుంచి 2012 దాకా అట్లా చూసిన పెద్ద లూన్ల చావుల్లో 48.6 శాతానికి కారణం సీసం గాలం సామానే అని తేలింది. అంతే కాదు, సీసం లేకపోతే ఆ రాష్ట్రంలో ఎన్ని లూన్లు ఉండేవో లెక్కేస్తే, ఉన్నవి దానికన్నా 43 శాతం తక్కువ. ఎందుకంత దెబ్బ అంటే లూన్ చాలా ఏళ్లు బతుకుతుంది, ఐదారేళ్లు నిండాక గానీ గుడ్లు పెట్టదు, పెట్టినా ఏడాదికి ఒకటో రెండో పిల్లలు, కాబట్టి ఒక పెద్ద పక్షి పోతే ఆ ఖాళీ నిండటానికి ఏళ్లు పడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ చావులు ఎక్కువగా జులై, ఆగస్టుల్లో కనిపించాయి, అంటే జనం సెలవులకి వచ్చి గాలాలు వేసే నెలల్లో. తాతల కాలం నాడు పడిన సీసం కన్నా ఈ ఏడు పడిన సీసమే ఎక్కువ చంపుతోందన్నమాట, కాబట్టి కొత్తగా పడటం ఆపితే ఫలితం కూడా తొందరగానే కనిపిస్తుంది. ఇది నిజంగా ఆశ కలిగించే మాట.

చట్టం అక్కడ 2000లోనే అమల్లోకి వచ్చింది, తర్వాత గట్టిపరిచి 2016 జూన్ నుంచి ఔన్సు, అంటే 28 గ్రాములు, దానికన్నా తక్కువ బరువున్న సీసం గుండ్లు అమ్మడం, వాడటం రెండూ ఆపారు. బ్రిటన్‌లో అయితే ఇంకా ముందే, 1987 జనవరి నుంచి 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల మధ్య గుండ్ల అమ్మకం బంద్, అక్కడ థేమ్స్ నదిలో హంసలు తగ్గిపోవడం చూసి చేశారు, ముందు మీ అంతట మీరే మానుకోండి అని చెప్పి చూసి, అది చాలక చట్టం చేశారు, తర్వాత హంసలు మళ్లీ పెరిగాయి. కానీ చట్టంతో అంగట్లో అమ్మకం ఆగుతుంది గానీ ఇంట్లో డబ్బాలో ఉన్న గుండ్లు ఎక్కడికి పోతాయి. డబ్బిచ్చి కొన్నది ఎవరూ పారెయ్యరు. మా నాన్న ఇచ్చిన డబ్బా, మా తాత ఇచ్చిన డబ్బా అని దాచుకుంటారు, మనవడు సెలవులకి వస్తే అదే తీసి ఇస్తారు. అందుకే న్యూ హ్యాంప్‌షైర్‌లో 2018 నుంచి గాలం సామాన్లు అమ్మే అంగళ్ల దగ్గరే మార్పిడి పెట్టారు, పాత సీసం తెచ్చి ఇస్తే వోచర్ ఇస్తారు, దాంతో అక్కడే సీసం లేని గుండ్లు కొనుక్కోవచ్చు. అంగడివాడికి వ్యాపారం, గాలం వేసేవాడికి నష్టం లేదు, పక్షికి ప్రాణం. చెరువు ఒడ్డున వాలంటీర్లు చిన్న టేబుల్ వేసుకుని కూర్చుని మార్చి ఇచ్చే పద్ధతి కూడా చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఉంది. పక్షి ఎక్స్‌రే ఫొటో ఒకటి పెడతారు, లోపల తెల్లగా మెరిసే గుండు, ముల్లు కనిపిస్తుంటాయి, అది చూశాక ఉపన్యాసం అక్కర్లేదు.

మన దగ్గర లూన్లు లేవు, పక్షుల వేట 1972 వన్యప్రాణి చట్టంతో నిషేధం కాబట్టి తుపాకీ గుండ్ల సీసం అంత బెడద కాదు. చెరువులు మాత్రం వేరే రకం. బెంగళూరు చెరువులు దేవుడు ఇచ్చినవి కాదు, కట్ట కట్టి, తూము పెట్టి, అలుగు తీసి, ఒకదాని నీళ్లు ఇంకోదానికి పోయేలా మనుషులు చేసినవి, నీరుగంటి అనేవాడు ఎవరి మడికి ఎంత నీళ్లో చూసేవాడు, కోలారు, అనంతపురం వైపు వాళ్లకి ఈ మాటలు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు మడులు లేవు, చేపల హక్కు చాలా చెరువుల్లో టెండర్ మీద పోతుంది, కాంట్రాక్టర్ బొచ్చె, శీలావతి, బంగారుతీగ పిల్లల్ని వదిలి పెద్దయ్యాక పట్టిస్తాడు, మధ్యలో చుట్టుపక్కల పిల్లలు వెదురు కర్రకి దారం కట్టి, థర్మకోల్ ముక్క బెండుగా పెట్టి జిలేబీ చేపల కోసం కూర్చుంటారు. అడుగున చూస్తే ఇల్లు పడగొట్టిన చెత్త, ఇనుప కడ్డీలు, గుర్రపుడెక్క వేళ్లు. వల తగులుకుంటుంది, లాగితే అంచు చిరిగి గుండ్లు రాలిపోతాయి, గాలం తెగిపోతుంది. చెరువు శుభ్రంగా లేకపోవడం వల్ల సీసం ఇంకా ఎక్కువ పడుతుందన్న సంగతి ఎవరూ పెద్దగా అనరు గానీ, తీరిగ్గా ఆలోచిస్తే ఇదే నిజం.

ఈ నీళ్ల మీదకి వచ్చే పక్షులు కూడా తక్కువవేం కావు. జక్కూరులో, హెబ్బాళలో గూడబాతులు, నీటికాకులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు కనిపిస్తాయి. ఈ కొంగ చేపని కంటితో చూసి పట్టదు, లోతు తక్కువ నీళ్లలో ముక్కు కొంచెం తెరిచి పెట్టి అటూ ఇటూ తిప్పుతుంది, ఏది తగిలితే దాన్ని టక్కున మూస్తుంది, తెగిన దారం తేలుతున్న చోట ఇట్లాంటి పక్షికి ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మద్దూరు దగ్గర కొక్కరెబెళ్లూరులో ఇవీ గూడబాతులూ ఇళ్ల పక్క చెట్ల మీదే గూళ్లు పెడతాయి. హైదరాబాద్ రోడ్డు మీద మన వైపు చిలమత్తూరు మండలం వీరాపురంలో కూడా అంతే, ఊళ్లో చింతచెట్ల నిండా గూళ్లు, జనం వాటిని సైబీరియా కొంగలు అంటారు గానీ అవి మన దేశం కొంగలే, అవి వస్తే ఊరికి మంచిదని నమ్మి గూటికి చెయ్యి పెట్టనివ్వరు. ఊరు ఇంతగా కాపాడుతున్న పక్షి తిండికి మాత్రం చుట్టుపక్కల చెరువులకే పోవాలి, గూటి దగ్గర ఎంత ప్రేమ చూపించినా నీళ్ల దగ్గర ఏముందో అదే దాని పొట్టలోకి పోతుంది.

జనం కలిసి చెరువుల్ని బాగుచేసుకోవడం బెంగళూరుకి బాగా అలవాటే. జేపీ నగర్ వైపు పదమూడు ఎకరాల పుట్టేనహళ్లి చెరువు కోసం 2010లో చుట్టుపక్కల వాళ్లు ట్రస్టు పెట్టుకున్నారు, సర్జాపుర రోడ్డులో కైకొండ్రహళ్లి చెరువు నగరపాలికా, స్థానికులూ కలిసి చేసినదే. వినాయకుడి విషయంలో కూడా అంతే, రంగుల్లో సీసం ఉంటుందని తెలిశాక మట్టి విగ్రహం, నిమజ్జనానికి వేరే కల్యాణి, అంటే చిన్న కొలను, అనే పద్ధతి మెల్లగా అలవాటైంది, ఇంకా పూర్తిగా కాలేదు గానీ అలవాటైంది. అక్కడ పనిచేసింది ఏంటంటే మట్టి విగ్రహం ప్రతి వీధి చివరా దొరకడం. వద్దు అని చెప్పడం తేలిక, దాని బదులు ఇదిగో అని చేతిలో పెట్టడమే పని. చేపల విషయంలో చాలా చోట్ల వద్దు దగ్గరే ఆగిపోయాం, మీను హిడియబారదు, అంటే చేపలు పట్టకూడదు, అని కన్నడంలో బోర్డు, ఒక సెక్యూరిటీ గార్డు, అంతే. బోర్డు పెడితే వల రాత్రిపూట వస్తుంది, చీకట్లో ఇంకా ఎక్కువ తగులుకుంటుంది, ఇంకా ఎక్కువ తెగుతుంది. పైగా చచ్చిన పక్షిని మొదట చూసేది ఆ వలవాడే, వాడితో మాటల్లేకపోతే ఆ కబురు ఎవరికీ అందదు. ఇది ఎవర్నో తప్పుపట్టడానికి కాదు, కానీ ఇక్కడ దారి మార్చుకోవాల్సిందే.

మరి బదులుగా ఏం ఇవ్వాలి. గాలానికైతే ఇనుము, తగరం, బిస్మత్, టంగ్‌స్టన్ ఉన్నాయి. టంగ్‌స్టన్ సీసం కన్నా బరువు, చాలా మంచిది, కానీ ఖరీదు, వెదురు కర్ర పిల్లాడికి అది చెప్పడం అర్థం లేని పని, వాడికి ఒక ఇనుప నట్టు చాలు. జింకు జోలికి మాత్రం పోకూడదు, అది కూడా పక్షికి విషమే. కట్టి వదిలే వలలకి అంత బరువు అక్కర్లేదు, కాల్చిన మట్టి గుండ్లు సరిపోతాయి, హరప్పా కాలం తవ్వకాల్లో కూడా ఇట్లాంటి మట్టి గుండ్లు దొరికాయి, కొత్త సంగతేం కాదు. ఫ్రేజర్ టౌన్ పక్కన పాటరీ టౌన్‌లో చక్రం తిప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, పండగ అయిపోయాక ఆర్డర్లు తగ్గే నెలల్లో ఈ గుండ్లు చేయిస్తే వాళ్లకీ పని దొరుకుతుంది. కష్టమంతా విసురు వలతోనే. అది వేగంగా మునగాలి, లేకపోతే చేప కింద నుంచి జారుకుంటుంది. ఇనుము సీసం కన్నా తేలిక, అదే బరువు కావాలంటే గుండు దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దది కావాలి, అందుకని పూసల బదులు అంచు చుట్టూ సన్న ఇనుప గొలుసు కుట్టడం మేలు, ఇట్లా గొలుసు వేసిన వలలు ఇప్పటికే వాడేవాళ్లు ఉన్నారు. తుప్పు పడుతుంది, నిజమే, వాడాక ఆరబెట్టుకోవాలి, కొన్నేళ్లకి మార్చుకోవాలి. గొలుసు పళ్లతో కరిస్తే సీసం అంత మెత్తగా ఉండదు, అదీ ఒక అలవాటు మార్చుకోవడమే.

మార్పిడిలో మన దగ్గర ఇంకో చిక్కుంది, అమెరికాలో ఈ సమస్య ఇంతగా ఉండదు. ఇక్కడ సీసానికి తూకం ధర ఉంది. ఒక వల అంచులో కేజీల లెక్కన ఉంటుంది, అంటే అది వలవాడికి చేతిలో డబ్బు లాంటిది. ఊరికే ఇచ్చెయ్యమంటే ఇవ్వడు, ఇవ్వాల్సిన పని కూడా లేదు, తూకానికి తూకం గొలుసు ఇచ్చి, కుట్టే కూలి కూడా ఇవ్వాలి. అట్లా తీసుకున్న సీసాన్ని మళ్లీ పాత సామాన్ల అంగడికి అమ్మితే మాత్రం చేసిందంతా వృథా, అది ఇంకో సందులో ఇంకో పొయ్యి మీద కరుగుతుంది, ఇంకెవరి పిల్లలో ఆ దుమ్ములో ఆడతారు. పాత బ్యాటరీలు తీసుకునే, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే పోవాలి, తూకం రాసి రసీదు తీసుకోవాలి. తెగిన దారాలకి అయితే చెరువు గేటు దగ్గర ఒక పీవీసీ పైపు ముక్క నిలబెట్టి మూత పెడితే చాలు, అమెరికాలో చాలా రేవుల దగ్గర ఇదే ఉంటుంది, ఇంత చవకైన పని ఇంకోటి లేదు.

ఇక చచ్చిన పక్షి. ఇప్పుడు కట్ట మీద పక్షి చచ్చి పడితే ఫొటో తీసి గ్రూపులో పెడతారు, నీళ్లు పాడైపోయాయి అని అందరూ బాధపడతారు, సాయంత్రానికి ఎవరో తీసి పూడ్చేస్తారు. ఫొటోతో పాటు ఎక్స్‌రే కూడా కావాలి. చేతికి గ్లవ్స్ వేసుకుని, కవర్లో పెట్టి, తేదీ, చోటు రాసి, అటవీ శాఖకి చెప్పి వాళ్ల ద్వారా పశువైద్యుడి దగ్గరికి పంపాలి, పూడ్చేస్తే సాక్ష్యం కూడా పూడిపోతుంది. న్యూ హ్యాంప్‌షైర్‌లో ఇరవై ఏళ్లకి పైగా వాళ్లు చేసింది ఇదే, చట్టం వెనక ఉన్నదంతా ఆ చచ్చిన పక్షుల లెక్కే. ఎండాకాలం చెరువు కుంచించుకుపోయి బురద బయటపడినప్పుడు ఒడ్డెమ్మటి తిరిగి ఏరడం ఇంకో పని, ఏప్రిల్, మే నెలల్లో వాన పడే లోపు, పిల్లల్ని కాకుండా పెద్దవాళ్లు గ్లవ్స్‌తో, పూడిక తీసి పొలాలకి తోలే ముందే.

కట్ట మీద ఈ మాటలు మొదలైతే ఎట్లా ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఏమన్నా, పళ్లతో పట్టుకున్నావే, అది సీసం కదా, అని నడిచే ఆవిడ ఆగి అడుగుతుంది. మా నాయన కాలం నుంచీ అట్లే మేడం, అంటాడు అతను. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా అంటే ఇద్దరు అంటాడు, గుండ్లు ఎక్కడ పోసుకుంటావు అంటే ఇంటెనకే అంటాడు, అప్పుడు మాత్రం కొంచెంసేపు మాట్లాడడు. గొలుసు సంగతి చెప్తే వల చేతిలోకి తీసుకుని అంచుని తూకం చూసినట్టు పైకీ కిందకీ ఆడిస్తాడు. ముందు ఒక్క వలకి వేసియ్యండి మేడం, నాలుగు రోజులు ఏసి చూస్తా, మునిగితే మా వోళ్లందరికీ నేనే చెప్తా, చేప జారిపోతా ఉంటే మాత్రం మళ్లీ మీ దగ్గరికే తెస్తా.